రైన్‌హోల్డ్ నీబర్ జీవితం, ఆలోచన: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రిస్టియన్ ఎథిక్స్ గురించి ఎవరు మాట్లాడినా నీబర్ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది, తగిలిన ప్రతిసారీ అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. మధ్యలో నా అభిప్రాయాలు కూడా దూరాయి, అవి నావేనని తెలిసేలాగే రాశాను.

## మొదటి పరిచయం

అసలు ఈ నీబర్ ఎవరండీ? పాస్టరా, ప్రొఫెసరా, రాజకీయ నాయకుడా?

మూడూ కొంచెం కొంచెం. 1892 జూన్ 21న అమెరికాలో మిస్సోరి రాష్ట్రం రైట్ సిటీలో పుట్టాడు, 1971 జూన్ 1న మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్‌లో చనిపోయాడు. పదమూడేళ్ళు డెట్రాయిట్‌లో పాస్టర్‌గా చేశాడు, తర్వాత ముప్పై ఏళ్ళ పైన న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో (పాస్టర్లని తయారుచేసే కాలేజీ) క్రిస్టియన్ ఎథిక్స్ పాఠాలు చెప్పాడు. రెండుసార్లు ఎన్నికల్లో నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. వ్యక్తిగా మంచివాడైన మనిషి గుంపులో కలిశాక ఎందుకు అంత సులువుగా అన్యాయం చేస్తాడు, అప్పుడు విశ్వాసి ఏం చేయాలి అన్న ప్రశ్నని జీవితాంతం వదల్లేదు.

పీహెచ్‌డీ కూడా లేదంట కదా, మరి అంత పెద్ద స్కాలర్ ఎలా అయ్యాడు?

నిజమే, లేదు. తండ్రి గుస్తావ్ జర్మనీ నుంచి వలస వచ్చిన పాస్టర్, ఇంట్లో జర్మన్ మాట్లాడేవాళ్ళు, పిల్లల్ని తమ సంఘానికి చెందిన చిన్న స్కూళ్ళకే పంపారు. నీబర్ మొదట ఎల్మ్‌హర్స్ట్‌లో, తర్వాత ఈడెన్ సెమినరీలో చదివాడు. 1913లో తండ్రి హఠాత్తుగా పోయాడు, కొన్ని నెలలు ఆ చర్చిలోనే తండ్రి స్థానంలో నిలబడి ప్రసంగాలు చేసి తర్వాత యేల్‌కి వెళ్ళాడు. అక్కడ 1914లో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, అంటే దైవశాస్త్రంలో డిగ్రీ), 1915లో ఎంఏ. అంతటితో చదువు ఆపేసి సంఘం పనిలోకి దిగాడు. ఒకరకంగా అదే మంచిదైంది అనిపిస్తుంది, ఎందుకంటే ఆయన పుస్తకాల్లో లైబ్రరీ వాసన కంటే వీధి చప్పుడే ఎక్కువ.

హెచ్. రిచర్డ్ నీబర్ అన్నా ఈయనేనా?

కాదు, ఆయన తమ్ముడు. ఆయనా పెద్ద ఎథిక్స్ స్కాలరే, యేల్‌లో పాఠాలు చెప్పాడు. వీళ్ళ అక్క హల్డా కూడా సెమినరీ ప్రొఫెసరే. పుస్తకం మీద ఒట్టి "నీబర్" అని ఉంటే ముందు ఏ నీబరో చూసుకోండి, అన్నదమ్ములిద్దరి దారులు చాలా వేరు.

## డెట్రాయిట్ రోజులు (1915–1928)

కార్ల ఫ్యాక్టరీకీ క్రైస్తవ నీతిశాస్త్రానికీ ఏంటి సంబంధం?

నీబర్ విషయంలో అంతా అక్కడే మొదలైంది. 1915లో ఇరవై మూడేళ్ళ వయసులో బెతెల్ చర్చికి పాస్టర్‌గా వచ్చేసరికి సంఘంలో వంద మంది కూడా లేరు, ఆయన వెళ్ళిపోయేనాటికి దాదాపు 700 అయ్యారు. తల్లి లిడియా కూడా వచ్చి చర్చి పనులు చాలావరకు తనే చూసుకుంది కాబట్టి ఈయనకి ఊరూరా తిరిగి మాట్లాడే తీరిక దొరికింది.

ఒకరోజు పెద్ద కార్ల ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్ళాడు. ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీలో వేడి భరించలేనంత, మనుషులు అలసిపోయి కనిపించారు, ఇక్కడ పని అంటే బానిసత్వమే అని డైరీలో రాసుకున్నాడు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆయన తప్పంతా ఓనర్ మీద తోసేసి ఊరుకోలేదు, ఈ కార్లు మనందరికీ కావాలి, అవి తయారవడానికి మనుషులు ఏం పోగొట్టుకుంటున్నారో మాత్రం మనకెవరికీ పట్టదు, కాబట్టి బాధ్యత అందరిదీ అన్నాడు. ఆ డైరీ 1929లో పుస్తకంగా వచ్చింది. ప్రేమ గురించి ఆదివారం ఎంత బాగా ప్రసంగించినా సోమవారం ఫౌండ్రీలో వేడి తగ్గదు అన్న సంగతి ఆయనకి పుస్తకాల్లోంచి కాదు, ఆ ఊళ్ళోంచే తెలిసింది.

హెన్రీ ఫోర్డ్ జీతాలు పెంచి మంచిపని చేశాడు కదా, మరి ఆయనంటే నీబర్‌కి కోపం ఎందుకు?

1914లో ఫోర్డ్ రోజుకి 5 డాలర్ల కూలి అని ప్రకటిస్తే దేశమంతా దయామయుడు అని పొగిడింది, 1926లో వారానికి ఐదు రోజులే పని అంటే మళ్ళీ పొగిడింది. నీబర్ కూర్చుని లెక్క వేశాడు. ధరలు పెరిగాయి, పనిరోజు పోయిందంటే ఆ రోజు కూలి కూడా పోయినట్టే, పైగా ఆ మిగతా ఐదు రోజుల్లో పని వేగం పెంచారు, వయసు మీదపడిన వాళ్ళని బయటికి పంపేశారు. 1927లో మోడల్ టీ కారు ఆపేసి కొత్త మోడల్ కోసం ఫ్యాక్టరీ నెలల తరబడి మూసినప్పుడు వేలాది మందికి పని లేదు, వాళ్ళని చూసుకున్నది ఊళ్ళోని దానధర్మ సంస్థలు. ఫోర్డ్ చెడ్డవాడు అన్నది నీబర్ పాయింట్ కాదు, ఆయన తన మంచితనాన్ని తనే నిజంగా నమ్మేశాడు, అదే అసలు ప్రమాదం అన్నది పాయింట్.

కూ క్లక్స్ క్లాన్‌కి ఎదురు నిలిచాడా?

అవును. తెల్లజాతే గొప్పదంటూ మిగతావాళ్ళ మీద దాడులు చేసే ఈ సంస్థ 1925 మేయర్ ఎన్నికల్లో డెట్రాయిట్‌లో బలంగా దిగినప్పుడు చర్చి వేదిక మీద నుంచే దాన్ని ఖండించాడు, అది ప్రొటెస్టెంట్ల మధ్యే పెరుగుతోంది కాబట్టి మాట్లాడాల్సిన బాధ్యత కూడా మనదే అన్నది ఆయన వాదన. అదే ఏడాది ఒసియన్ స్వీట్ అనే నల్లజాతి డాక్టర్ తెల్లవాళ్ళ వీధిలో ఇల్లు కొంటే గుంపు దాడికి వచ్చి పెద్ద కేసు అయ్యింది, దాని తర్వాత మేయర్ వేసిన జాతుల మధ్య సంబంధాల కమిటీకి నీబరే చైర్మన్.

## న్యూయార్క్, ఆ సంచలన పుస్తకం

"మోరల్ మ్యాన్ అండ్ ఇమ్మోరల్ సొసైటీ" ఏం చెప్తుంది, సింపుల్‌గా?

1932లో వచ్చింది, ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న టైమ్. ఒక మనిషి ఇంకో మనిషి కోసం తన లాభం వదులుకోగలడు, కానీ వర్గం, జాతి, దేశం అలా వదులుకోవు అంటాడు. ఇంట్లో ఎంతో త్యాగం చేసేవాడే దేశం పేరు చెప్పగానే నిర్దయగా మారిపోతాడు, పైగా దేశభక్తి అన్నది వ్యక్తి త్యాగాన్నే తీసుకెళ్ళి గుంపు స్వార్థంగా మార్చేస్తుంది. ఈ ఒక్క మాట కోసమైనా ఆ పుస్తకం చదవాలి నన్నడిగితే. కాబట్టి చదువు పెరిగితే, మంచి మాటలు చెప్తే అధికారంలో ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే న్యాయం చేస్తారు అనుకోవడం అమాయకత్వం, అధికారాన్ని ఇంకో అధికారంతోనే ఎదుర్కోవాలి అంటాడు. అప్పటి ఉదారవాద క్రైస్తవులకి ఇది పెద్ద షాక్, ఎందుకంటే నీబర్ వాళ్ళ మనిషే.

గాంధీ గురించి ఏదో విమర్శించాడంట, నిజమేనా?

విమర్శ ఉంది, మెచ్చుకోలు అంతకంటే ఎక్కువ ఉంది. అహింసా పోరాటం కూడా బలవంతమే అంటాడు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ నేతమిల్లు కార్మికుల పిల్లలకి తిండి తగ్గింది, వాళ్ళు ఏ తప్పూ చేయలేదు, కాబట్టి అహింసకి ఎవరికీ దెబ్బ తగలదు అనుకోవద్దు. హింసకీ అహింసకీ తేడా ఎంత దాకా అన్న దాంట్లోనే ఉంది, రెండూ పూర్తిగా వేరు లోకాలు కావు.

ఇంత చెప్పి, మరి అణగారిన వాళ్ళకి ఏది మంచి దారి అంటే అహింసే అంటాడు. ఎదుటివాడిని రాక్షసుడిగా చూడకుండా పోరాడొచ్చు, శాంతిభద్రతలు కాపాడుతున్నాం అని చెప్పుకునే అవకాశం వాడికి లేకుండా పోతుంది, పగ కూడా మిగలదు. అమెరికాలో నల్లజాతి వాళ్ళ విముక్తి బహుశా ఇలాంటి పోరాటం కోసమే ఎదురుచూస్తోంది అని 1932లోనే రాశాడు. నల్లజాతి వాళ్ళు అహింసగా చేసిన మాంట్‌గొమరీ బస్సుల బాయ్‌కాట్ మొదలైంది 1955లో. మనవాళ్ళలో చాలామంది "గాంధీని తిట్టిన పాస్టర్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఆ పేజీలు తెరిచి చూస్తే అలా అనలేరు.

అన్నదమ్ములు పేపర్లో గొడవ పడ్డారంట, ఏంటది?

1932 మార్చిలో "క్రిస్టియన్ సెంచరీ" పత్రికలో. జపాన్ చైనాలోని మంచూరియాని ఆక్రమించింది, అమెరికా ఏం చేయాలి అని. మనకే చేతులు శుభ్రంగా లేవు, అలాంటప్పుడు దేవుడు చరిత్రలో పని చేస్తున్నాడని నమ్మి, పశ్చాత్తాపపడి ఏమీ చేయకుండా ఉండటమే కృప అన్నాడు తమ్ముడు రిచర్డ్. అయితే చేతులు కట్టుకుని కూర్చోవాలా, చేతులు పూర్తిగా శుభ్రమయ్యే దాకా ఆగితే న్యాయం ఎప్పటికీ జరగదు అన్నాడు అన్న. నాకు ఇద్దరి వాదనా బలంగానే కనిపిస్తుంది, చదివిన రోజుని బట్టి పక్షం మారిపోతుంటాను.

ఆయన సోషలిస్టా, కమ్యూనిస్టా?

కమ్యూనిస్టు కాదు. సోషలిస్టు పార్టీ తరపున 1930లో న్యూయార్క్ రాష్ట్ర సెనేట్‌కి, 1932లో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి పోటీ చేసి ఓడిపోయాడు. వర్గపోరాటం గురించి మార్క్స్ చెప్పింది నిజమే అనేవాడు, కానీ విప్లవం వస్తే మనిషి స్వార్థం మాయమైపోతుందన్న నమ్మకాన్ని మాత్రం ఒప్పుకోలేదు. హిట్లర్ మీద యుద్ధం విషయంలో తేడా వచ్చి 1940లో పార్టీ వదిలేశాడు, అక్కడి నుంచి ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ వైపు.

## యుద్ధం రోజులు

ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించమని యేసు అంటే, ఈయన యుద్ధం చేయమన్నాడా?

ఇది అందరూ అడిగేదే. కొండమీద ప్రసంగానికి అర్థాలు మార్చి "యేసు అలా అనలేదు" అని నీబర్ ఎప్పుడూ తప్పించుకోలేదు. యేసు చెప్పిన ప్రేమ ఏ మినహాయింపూ లేని ప్రేమే, అది ఎదిరించని ప్రేమే, సిలువ దాకా వెళ్ళే ప్రేమే అని ఒప్పుకున్నాడు. కానీ పాపం ఉన్న లోకంలో దాన్ని నేరుగా విదేశాంగ విధానంగా మార్చలేం, మారిస్తే దెబ్బలు తినేది మన చెంప కాదు, పక్కవాడి చెంప. నీ మీద వచ్చిన దెబ్బ నువ్వు ఓర్చుకోవచ్చు, యూదుడి మీద పడుతున్న దెబ్బని నీ పవిత్రత కోసం ఓర్చుకునే హక్కు నీకెవరిచ్చారు అన్నట్టు ఉంటుంది ఆయన వాదన.

ఒకప్పుడు ఆయనే అహింసావాదుల సంస్థ ఫెలోషిప్ ఆఫ్ రీకన్సిలియేషన్‌కి చైర్మన్, 1934లో బయటికొచ్చేశాడు. 1941 ఫిబ్రవరిలో "క్రిస్టియానిటీ అండ్ క్రైసిస్" అనే పత్రిక మొదలుపెట్టాడు, నాజీల విషయంలో తటస్థంగా ఉండడం తప్పని అమెరికా చర్చిలకి చెప్పడానికి. అలాగని గెలిచినవాళ్ళు చేసిందంతా ఒప్పు అనలేదు, హిరోషిమా, నాగసాకిల మీద బాంబులు వేయడం నైతికంగా సమర్థించలేనిది అని 1946లో క్రైస్తవ పండితుల బృందం ఇచ్చిన రిపోర్టు మీద ఆయన సంతకం ఉంది.

పాపం, పాపం అని అంత నొక్కి చెప్తాడేంటి, నిరాశావాదా?

కాదనే అంటాను. 1939లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో గిఫర్డ్ లెక్చర్లు (మతం, తత్వం మీద పెద్ద పండితులని పిలిచి ఇప్పించే పేరున్న లెక్చర్లు) ఇచ్చాడు, అవే "ది నేచర్ అండ్ డెస్టినీ ఆఫ్ మ్యాన్" పేరుతో 1941, 1943లో రెండు భాగాలుగా వచ్చాయి. ఆ లెక్చర్లు నడుస్తుండగానే జర్మన్ విమానాలు ఆ ఊరి పక్కనే ఫర్త్ ఆఫ్ ఫోర్త్ మీద దాడి చేశాయి, హాల్లో కూర్చున్నవాళ్ళకి తుపాకుల మోత వినిపించింది, అలాంటి చోట మనిషి స్వభావం గురించి వినడం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఆ పుస్తకం సారం ఏంటంటే, మనిషి మట్టి కూడా, మట్టిని దాటి చూడగలిగేవాడు కూడా. తను చచ్చిపోతానని తెలిసిన జీవి కాబట్టి ఆందోళన ఉంటుంది. ఆ ఆందోళన దానంతటది పాపం కాదు, సృజన కూడా దాన్నుంచే పుడుతుంది, కానీ దాన్ని భరించలేక "నేనే దేవుణ్ణి" అన్నట్టు ప్రవర్తిస్తే గర్వం, తన బాధ్యతే మర్చిపోయి సుఖాల్లో మునిగితే ఇంకో రకం పాపం. గర్వాల్లో అన్నిటికంటే భయంకరమైంది భక్తి ముసుగులో వచ్చే గర్వం అంటాడు, ఇది పాస్టర్లు రెండుసార్లు చదవాల్సిన చాప్టర్. జన్మపాపం, అంటే మనిషి పుట్టుకతోనే పాపం వైపు మొగ్గి ఉంటాడన్నది, క్రైస్తవ సిద్ధాంతాల్లో రుజువులు కళ్ళముందే కనిపించే ఒకే ఒక్కటి అని ఒక ఇంగ్లీష్ పత్రిక రాసిన మాట ఆయనకి చాలా నచ్చింది.

బోన్‌హోఫర్‌కీ ఈయనకీ పరిచయం ఉందా?

ఉంది. నాజీలని ఎదిరించిన జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ 1930–31లో యూనియన్ సెమినరీలో చదివినప్పుడు నీబర్ క్లాసులో కూర్చున్నాడు. 1939లో ఆయన్ని నాజీల చేతికి చిక్కకుండా అమెరికా రప్పించడానికి పూనుకున్న వాళ్ళలో నీబర్ ఒకడు. బోన్‌హోఫర్ వచ్చి కొన్ని వారాలకే తిరిగి వెళ్ళిపోయాడు, ఈ కష్టకాలంలో నా జనంతో ఉండకపోతే యుద్ధం తర్వాత జర్మనీలో క్రైస్తవ జీవితాన్ని తిరిగి కట్టే హక్కు నాకుండదు అని నీబర్‌కే ఉత్తరం రాశాడు. 1945 ఏప్రిల్‌లో నాజీలు ఉరి తీశారు. ఇంకో జర్మన్ దైవశాస్త్ర పండితుడు పాల్ టిల్లిక్ 1933లో జర్మనీ వదిలి యూనియన్‌కి రావడంలో కూడా నీబర్ చెయ్యి ఉంది.

ప్రజాస్వామ్యం గురించి ఒక ఫేమస్ మాట ఉందంట, అదేంటి?

1944 నాటి "ది చిల్డ్రన్ ఆఫ్ లైట్ అండ్ ది చిల్డ్రన్ ఆఫ్ డార్క్‌నెస్" పుస్తకంలోది. మనిషికి న్యాయం చేసే శక్తి ఉంది కాబట్టి ప్రజాస్వామ్యం సాధ్యం, అన్యాయం వైపు మొగ్గే బుద్ధి ఉంది కాబట్టి అది తప్పనిసరి. మనుషులు మంచివాళ్ళు కాబట్టి ఓటు ఇద్దాం అనే వాదన ఎన్నికలు కాగానే కూలిపోతుంది, ఈ వాదన కూలదు.

## యుద్ధం తర్వాత

అమెరికా ఏం చేసినా సమర్థించాడా?

కోల్డ్ వార్ మొదట్లో సోవియట్లకి వ్యతిరేకంగా గట్టిగా నిలబడ్డాడు, 1948 మార్చిలో టైమ్ పత్రిక కవర్ మీద ఆయన బొమ్మ వచ్చింది, ప్రభుత్వంలో వాళ్ళు సలహాలు అడిగేవాళ్ళు. అధికారానికి అంత దగ్గరగా వెళ్ళడం ఆయనకి కొంత చేటు చేసిందనే నా అభిప్రాయం. కానీ 1952లో "ది ఐరనీ ఆఫ్ అమెరికన్ హిస్టరీ"లో తన దేశానికే చురకలు వేశాడు, మేము అమాయకులం, మా అధికారం మంచిది అని నమ్మే దేశమే ఎక్కువ కీడు చేస్తుందని. 1964లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ వచ్చింది, ఆ తర్వాత అదే ప్రభుత్వం చేసిన వియత్నాం యుద్ధాన్ని విమర్శించాడు. 1969లో ప్రెసిడెంట్ నిక్సన్ వైట్‌హౌస్‌లో ఆదివారం ఆరాధనలు పెట్టి పేరున్న సువార్తికుడు బిల్లీ గ్రాహం లాంటి వాళ్ళని పిలిస్తే, రాజు దగ్గర రాజుకి నచ్చిందే చెప్పే ప్రవక్తలు అన్న అర్థం వచ్చేలా ఘాటు వ్యాసం రాశాడు. అప్పటికి వయసు 77, ఆరోగ్యం ఎప్పుడో పాడైంది.

భార్య ఉర్సులా గురించి ఎవరూ చెప్పరే?

చెప్పాలి నిజానికి. ఉర్సులా కెపెల్ కాంప్టన్ ఇంగ్లండ్ నుంచి ఫెలోషిప్ మీద యూనియన్‌కి వచ్చిన థియాలజీ విద్యార్థిని, 1931లో ఇంగ్లండ్‌లో పెళ్ళి. తర్వాత బర్నార్డ్ కాలేజీలో రెలిజియన్ డిపార్ట్‌మెంట్‌ని నిలబెట్టింది ఆమే. 1952లో నీబర్‌కి పక్షవాతం వచ్చాక రాతపనిలో ఆమె భాగం ఇంకా పెరిగింది, 1965 నాటి పుస్తకం ముందుమాటలో ఆయనే ఆమెకి ఉన్న పాత్ర ఒప్పుకున్నాడు. కొన్నిటికి సహరచయితగా ఆమె పేరు ఉండాల్సింది అని ఇప్పటి పరిశోధకుల్లో వాదన ఉంది.

"మార్చలేనివి ఒప్పుకునే ప్రశాంతత ఇవ్వు" అనే ప్రార్థన నిజంగా ఈయనదేనా?

అవును, ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటున్నారు. మార్చలేని వాటిని ఒప్పుకునే ప్రశాంతత, మార్చగలిగిన వాటిని మార్చే ధైర్యం, రెండిటికీ తేడా తెలుసుకునే జ్ఞానం ఇవ్వమని అడిగే ప్రార్థన. తాగుడు మానాలనుకునే వాళ్ళ సంస్థ ఆల్కహాలిక్స్ అనానిమస్ 1940ల్లో తీసుకోవడంతో లోకమంతా పాకింది. 2008లో ఒక పరిశోధకుడు 1930ల నాటి పాత ప్రతులు చూపించి ఈయనది కాకపోవచ్చు అన్నాడు, తర్వాత ఇంకా వెతికితే ఆ పాత ఆధారాలు కూడా నీబర్ వైపే దారి తీశాయి, ఆ పరిశోధకుడే ఒప్పుకున్నాడు. గమనించండి, మగ్గుల మీద అచ్చు వేసేటప్పుడు జనం ప్రశాంతత దగ్గరే ఆగిపోతారు, నీబర్‌కి ధైర్యం కూడా అంతే ముఖ్యం.

## విమర్శలు

మార్టిన్ లూథర్ కింగ్‌కి ఈయనంటే ఇష్టమా, కోపమా?

ఇష్టమే. సెమినరీలో ఉండగా నీబర్‌ని చదివి, మనిషి మంచితనం మీద తనకున్న తేలిక నమ్మకం సడలిందని కింగే రాశాడు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో వ్యక్తుల కంటే గుంపులే ఎక్కువ అనైతికంగా ఉంటాయి అని నీబర్ పేరు పెట్టి మరీ గుర్తు చేశాడు.

కానీ కథలో రెండో భాగం బాధగా ఉంటుంది. దక్షిణాది స్కూళ్ళలో చేరుతున్న నల్లజాతి పిల్లల్ని కాపాడమని ప్రెసిడెంట్ ఐసన్‌హోవర్‌కి పంపే విన్నపం మీద సంతకం పెట్టమని కింగ్ అడిగితే నీబర్ పెట్టలేదు, ఒత్తిడి తెస్తే మేలు కంటే కీడే ఎక్కువ అన్నాడు. నల్లజాతి దైవశాస్త్ర పండితుడు జేమ్స్ కోన్ 2011లో రాసిన పుస్తకంలో గట్టిగా నిలదీసింది ఇదే: సిలువ గురించి అంత లోతుగా రాసిన మనిషి, తన దేశంలోనే నల్లవాళ్ళని చెట్లకి వేలాడదీస్తుంటే ఆ చెట్టులో సిలువని ఎందుకు చూడలేకపోయాడు? దీనికి నీబర్ అభిమానులు "ఆ కాలం అలాంటిది" అంటుంటారు. నాకు ఆ సమాధానం ఆనదు. సౌకర్యంగా ఉన్న వర్గం ఎప్పుడూ "కొంచెం ఆగండి" అనే అంటుంది అని మనకి నేర్పించింది నీబరే కదా, ఆయన పుస్తకంతోనే ఆయన్ని పట్టుకోవచ్చు.

ఆడవాళ్ళ వైపు నుంచి కూడా విమర్శ ఉందంటున్నారు?

1960లో వాలెరీ సేవింగ్ ఒక వ్యాసం రాసింది. పాపం అంటే ప్రధానంగా గర్వం అనడం మగవాళ్ళ అనుభవం, చాలామంది ఆడవాళ్ళ సమస్య తమని తాము పెద్దగా చూసుకోవడం కాదు, అందరికీ అన్నీ చేస్తూ తామంటూ లేకుండా పోవడం, అలాంటి వాళ్ళకి "అహం చంపుకో" అని ప్రసంగిస్తే గాయం పెద్దదవుతుంది అని. చిన్న వ్యాసమే, స్త్రీవాద థియాలజీలో చాలా చర్చ దాని చుట్టూ నడిచింది.

హావర్‌వాస్ లాంటి దైవశాస్త్ర పండితులకి ఈయన ఎందుకు నచ్చడు?

నీబర్ థియాలజీలో చర్చి ఎక్కడ అన్నది వాళ్ళ ప్రశ్న. అన్నీ దేశం, అధికారం, బాధ్యత గురించే, సంఘం అనేది వేరే రకం జీవితాన్ని చూపించగలదు అన్న ఆశ లేదు అంటారు. స్టాన్లీ హావర్‌వాస్ తన 2001 గిఫర్డ్ లెక్చర్లలో అదే వేదిక పరంపర మీద నిలబడి నీబర్‌ని విమర్శించాడు. ఈ విమర్శలో బలముంది, అయితే నాజీల ముందు ఏం చేయాలి అన్న ప్రశ్నకి వాళ్ళ సమాధానం కూడా నాకు పూర్తిగా సరిపోదు.

## చదవాలనుకునేవాళ్ళకి

ఎక్కడ మొదలుపెట్టాలి?

డెట్రాయిట్ డైరీతో, "లీవ్స్ ఫ్రమ్ ది నోట్‌బుక్ ఆఫ్ ఏ టేమ్డ్ సినిక్" దాని పేరు. చిన్న చిన్న ఎంట్రీలు, కుర్ర పాస్టర్ తంటాలు, రోగుల ఇళ్ళకి వెళ్ళడానికి భయపడటం, అన్నీ ఉంటాయి. తర్వాత "మోరల్ మ్యాన్" లో మొదటి అధ్యాయం, అహింస గురించిన అధ్యాయం. "నేచర్ అండ్ డెస్టినీ"తో మాత్రం మొదలుపెట్టకండి, రెండు భాగాలూ బరువే, చాలామంది అక్కడే ఆగిపోయి నీబర్ కష్టం అని పక్కన పెట్టేస్తారు.

బైబిల్ కాలేజీ ఎగ్జామ్‌కి ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోవాలంటే?

ప్రేమకీ న్యాయానికీ ఉన్న సంబంధం గుర్తుపెట్టుకోండి. న్యాయం ప్రేమ కంటే తక్కువే, కానీ గుంపుల మధ్య ప్రేమ దిగివచ్చే రూపం న్యాయమే, ఆ న్యాయం ఎంత బాగున్నా ఇంకా సరిపోదని నిలదీస్తూ ఉండేది మళ్ళీ ప్రేమే. ఇది రాసి కింద ఫోర్డ్ ఉదాహరణ ఒకటి వేస్తే పేపర్ దిద్దేవాళ్ళకి మీరు చదివారని తెలిసిపోతుంది.